పటువలో పప్పు: రుచి మట్టిదా, మంటదా?

ఎండలు ముదరగానే నల్లగొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ రోడ్డు పక్కన మంచినీళ్ల రంజన్లు పేరుస్తారు. ఈ మధ్య వాటి పక్కనే మట్టి వంట పాత్రలు కూడా చేరాయి: కూర వండే పటువలు, అటికలు, పెంకలు, మూకుళ్లు, పెరుగు గురుగులు. కొనేవాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. "గ్యాస్ మీద ఆగుతదా అక్కా?" అన్నది మొదటిది. బేరం కుదిరాక, డబ్బులు తీస్తూ "దీంట్ల వండుకుంటే షుగరు తగ్గుతదంట గదా?" అన్నది రెండోది. మొదటిదానికి అమ్మే ఆమె టక్కున జవాబు చెప్తుంది. రెండోదానికి నవ్వి ఊరుకుంటుంది. ఆ జవాబు ఇచ్చే పని ఫోన్లలో తిరిగే మెసేజ్‌లు తీసుకున్నాయి.

కుండలో పప్పు బాగుంటుందన్న మాటలో నాకు పేచీ లేదు. ఎందుకు బాగుంటుందో చెప్పేటప్పుడే కథలు మొదలవుతాయి. మట్టిలో ఖనిజాలున్నాయట, అవి కూరలోకి దిగుతాయట, పులుపును మట్టి విరిచేస్తుందట, నూటికి నూరు పాళ్లు పోషకాలు నిలుస్తాయట. వీటిలో కొన్ని సగం నిజాలు, కొన్ని ఉత్తవి. అసలు సంగతి కొంచెం పక్కన ఉంది. కాల్చిన మట్టి గోడ వేడిని మెల్లగా పంపుతుంది; ఆ గోడ నిండా కంటికి కనపడని సన్న రంధ్రాలున్నాయి. కుండ వంటలోని మంచీ చెడ్డా ఎక్కువగా ఈ రెండింటి దగ్గరే తేలిపోతాయి.

మట్టి సంగతి

మన వైపు ఎక్కువగా ఉండేది చల్క నేల. గ్రానైటు రాయి అరిగి అయిన ఎర్ర ఇసుక మట్టి అది. జిగురు తక్కువ, ముద్ద చేస్తే నిలవదు. నల్లరేగడికి జిగురు కావలసినంత ఉంది కానీ తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. ఎండాకాలం రేగడి చేలో కాలు దిగేంత నెర్రెలు చూసినవాళ్లకు ఆ మట్టితోనే కుండ చేస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. చెరువు అడుగున ఏళ్లకేళ్లు పేరుకున్న ఒండ్రు ఈ రెండింటికీ మధ్యస్తం. అందుకే కుమ్మరులు చెరువు మట్టికి పోతారు. దాన్ని ఎండబెట్టి, దంచి, జల్లించి, నానబెట్టి, సన్న ఇసుక కలిపి కాళ్లతో తొక్కుతారు. కొన్నిచోట్ల బూడిదో ఊకో కూడా కలుపుతారు.

ఆ ఇసుక, ఆ ఊక కల్తీ అనుకుంటే పొరపాటు. పొయ్యి మీద ప్రాణం నిలిపేది అవే. మట్టి మరీ మెత్తగా, ఒకే తీరుగా ఉంటే ఒక చోట మొదలైన పగులు గోడ చివరిదాకా సాగిపోతుంది. దారిలో ఇసుక రేణువు అడ్డం తగిలినా, ఊక కాలిపోయి మిగిలిన ఖాళీ తగిలినా పగులు అక్కడే ఆగిపోతుంది. నున్నగా మెరిసే పూలకుండీ పొయ్యి మీద పెడితే పగలడం, గరుకుగా కనిపించే పటువ ఏళ్లపాటు మంటకు ఆగడం ఇందుకే.

సారె, అంటే కుమ్మరి చక్రం మీద తయారయ్యేది మూతి, మెడ, పైగోడ. అడుగు తర్వాత వస్తుంది. కుండ కాస్త ఆరాక, లోపల గుండ్రాయి ఆనించి, బయట చెక్కతో తట్టి తట్టి అడుగును సాగదీస్తారు. అలా తట్టడంతో మట్టి గట్టిపడుతుంది, గోడ పలచబడుతుంది, ఎక్కడా మూల లేకుండా గుండ్రంగా వస్తుంది. మూల ఉన్నచోట వేడికి సాగే మట్టి, సాగని మట్టి ఎదురెదురుగా లాక్కుంటాయి; పగులు అక్కడే పుడుతుంది. గ్యాస్ స్టవ్ కోసమని అచ్చుల్లో పోసి చేసిన, అడుగు సమంగా ఉన్న పాత్రలు ఇప్పుడు వేరే రాష్ట్రాల నుంచి కూడా వస్తున్నాయి. కదలకుండా నిలబడతాయి, అందంగా ఉంటాయి. కానీ అడుగూ గోడా కలిసే అంచును చూసి కొనాలి. అది వంపు తిరిగి ఉంటే మేలు. గీత గీసినట్టు మలుపు ఉంటే అనుమానించాలి.

ఇక కాల్చడం. కుమ్మరి ఆవంలో కట్టెలు, గడ్డి, పిడకలతో వచ్చే వేడి సుమారు 700 నుంచి 900 డిగ్రీల సెల్సియస్. పింగాణీ కాల్చే కొలిమి 1200 డిగ్రీలు దాటుతుంది కనుక అక్కడ మట్టి కరిగి గాజులా బిగుసుకుంటుంది. మన ఆవంలో మట్టి రేణువులు ఒకదానికొకటి అతుక్కుంటాయి గానీ మధ్య ఖాళీలు మూసుకుపోవు. రంజన్‌లో నీళ్లు చల్లబడేది ఈ ఖాళీల వల్లే: గోడలోంచి ఊరిన నీరు బయట ఆవిరవుతూ లోపలి వేడిని తీసుకుపోతుంది.

గాలి ఆడేలా కాలిస్తే మట్టిలోని ఇనుము తుప్పు రంగుకు తిరిగి కుండ ఎర్రగా వస్తుంది. పొగ బయటికి పోకుండా మూసి కాలిస్తే బొగ్గు మసి గోడలోకి ఎక్కి నల్లగా వస్తుంది. ఈ రెండూ ఒకే కుండలో చూపించిన పనితనం మన దగ్గర చాలా పాతది. నాగార్జునసాగర్ నీళ్లలో మునిగిపోయిన ఏలేశ్వరం తవ్వకాల్లో బృహత్ శిలాయుగపు సమాధులు, అంటే పెద్ద రాళ్లు పేర్చి కట్టినవి, బయటపడ్డాయి. లోపలా మూతీ నలుపు, బయట ఎరుపు ఉండే కుండలు దక్షిణాదిలో ఆ కాలానికి గుర్తు. నల్ల కుండ మంచిదా, ఎర్ర కుండ మంచిదా అని ఇప్పటికీ వాదించుకుంటారు. వంటకు రంగు తేడా కన్నా సరిగ్గా కాలిందా లేదా అన్నది ముఖ్యం.

కొత్త కుండలో నీళ్లు ఎందుకు తొందరగా మరగవు

కొత్త పటువ తెచ్చి కడిగి నేరుగా పొయ్యి మీద పెట్టినవాళ్లకు రెండిట్లో ఒకటి ఎదురవుతుంది. పటువ పగలడం ఒకటి. లేదంటే ఎంతసేపైనా నీళ్లు మరగకపోవడం. రెండోది వింతగా అనిపిస్తుంది కానీ రంజన్ గుర్తొస్తే అర్థమవుతుంది. లోపలి నీరు గోడలోంచి ఊరి బయటి వైపు ఆవిరవుతుంటే, కింద మంట ఇచ్చే వేడిలో కొంత ఆ ఆవిరికే ఖర్చవుతుంది. పొయ్యి మీద ఉన్నా రంజన్ గుణం పోలేదన్నమాట.

మన ఇళ్లల్లో దీనికి మందు గంజి. కుండను రాత్రంతా నీళ్లలో ముంచి ఉంచి, మరునాడు ఆరబెట్టి, చిక్కటి గంజి పోసి సన్న మంట మీద చాలాసేపు కాగనిస్తారు. బియ్యం గంజిలోని పిండి పదార్థం వేడికి ఉబ్బి జిగురై రంధ్రాల్లో కూర్చుంటుంది. ఒకసారితో చాలదు, రెండు మూడు సార్లు చేస్తే మంచిది. తర్వాత లోపల కాస్త నూనె రాసి వేడి చేస్తే ఆ నూనె కూడా గోడలో బిగుసుకుంటుంది. అక్కడి నుంచి ప్రతి వంటా కొంచెం కొంచెంగా ఆ పూతను గట్టిపరుస్తూ పోతుంది. పాత పటువలో కూర అంటుకోదు, కొత్తదాంట్లో అంటుకుంటుంది అని పెద్దవాళ్లు అనేది ఇదే. మట్టి పాత్రలో నూనె తక్కువ పడుతుందన్న మాట కూడా పాతబడిన పాత్రకే వర్తిస్తుంది. కొత్తది మొదటి వారం మనకన్నా ఎక్కువ నూనె తాగుతుంది.

ఈ రంధ్రాల వల్లే సబ్బు పనికిరాదు. సబ్బు నీళ్లు గోడలో ఇంకి, తర్వాత వండిన చారులో బయటికొస్తాయి. వేడినీళ్లు, బూడిద, కొబ్బరి పీచు చాలు. జిడ్డు ఎక్కువుంటే చింతపండు పిప్పి. కడిగాక ఎండలో బోర్లించాలి. తడి ఆరకుండా అలమరలో పెడితే బూజు పడుతుంది, ఆ వాసన ఒక పట్టాన పోదు. బయటి గోడ మీద తెల్లగా పొడి తేలితే భయపడక్కర్లేదు. బోరు నీళ్లలోని లవణాలు గోడలోంచి ఊరి, నీరు ఆరాక మిగిలినవి అవి. మన బోర్ల నీళ్లతో కడిగే కుండకు ఆ తెలుపు రాకపోతేనే ఆశ్చర్యం.

వేడి లెక్క

వేడిని పంపే శక్తికి భౌతిక శాస్త్రంలో ఒక కొలత ఉంది. ఆ కొలతలో స్వచ్ఛమైన అల్యూమినియం 230కి పైన ఉంటుంది. స్టెయిన్‌లెస్ స్టీలు 15 చుట్టుపక్కల. కాల్చిన మట్టి ఒకటికి కాస్త అటూ ఇటూ. పైగా కుండ గోడ సత్తు (అల్యూమినియం) గిన్నె గోడ కన్నా మందం. కాబట్టి కింద మంట ఎంత ఎగసినా లోపలికి వేడి నిదానంగానే చేరుతుంది.

ఇక్కడ ఒక అపోహ తీసేయాలి. కుండలో వంట "తక్కువ వేడి మీద" అవుతుందంటారు. ఉడికే పప్పు ఏ పాత్రలో ఉన్నా దాని వేడి నీరు మరిగే వేడే. సముద్ర మట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తున్న మహబూబ్‌నగర్‌లో అది 98 డిగ్రీలకు కాస్త పైన. స్టీలు గిన్నెలో మరిగే పప్పుకూ, పటువలో మరిగే పప్పుకూ ఆ అంకె మారదు. మారేది మరిగే తీరు. పలచటి గిన్నెలో అడుగున కుతకుతలాడి, పైకి తన్ని, పొంగి, కలపకపోతే మాడుతుంది. పటువలో వేడి అంత దూకుడుగా రాదు గనుక బుడగలు నెమ్మదిగా లేస్తాయి, గింజ చెదరకుండా మెత్తబడుతుంది.

కుండ వేడిని పట్టి ఉంచుతుందన్నది మాత్రం నిజం, కానీ అది మట్టికున్న ప్రత్యేక గుణం వల్ల కాదు. కిలోకు కిలో తూచి చూస్తే మట్టీ అల్యూమినియమూ దాచుకునే వేడి దాదాపు సమానం. కుండ బరువెక్కువ, అంతే. దానికి తోడు మంట మీద ఉన్నంతసేపూ దాని బయటి గోడ లోపలి గోడ కన్నా చాలా వేడిగా ఉంటుంది. స్టవ్ కట్టేశాక ఆ వేడి లోపలికి నడుస్తూనే ఉంటుంది. దించిన తర్వాత కూడా కొన్ని నిమిషాలు కూర కుతకుతలాడటం అందరూ చూసిందే. కాబట్టి కూర ఇంకో అయిదు నిమిషాల్లో అవుతుందనగానే మంట ఆపేయడం అలవాటు చేసుకోవాలి. లేదంటే వంకాయ గుజ్జయిపోతుంది.

ఈ నిదానం ఎక్కువ మేలు చేసేది మాంసానికి. మేక కాలు, మెడ, నాటుకోడి తొడ లాంటి గట్టి ముక్కల్లో కొల్లాజెన్ అనే నార ఉంటుంది. దాదాపు 70 డిగ్రీలు దాటాక అది మెల్లగా కరిగి జిగురుగా మారుతుంది, దానికి గంటల సమయం కావాలి. భగభగ మరిగితే కండలోని నీరు పిండినట్టు పోయి ముక్క పీచవుతుంది. సన్నగా ఉడికితే నార కరిగి పులుసు చిక్కబడుతుంది, ముక్క వేలితో విడిపోతుంది. తలకాయ కూర పటువలో వండితేనే తిన్నట్టుంటుందని మా వైపు పంతం పట్టేవాళ్లు ఉన్నారు. వాళ్ల పంతానికి ఈ జిగురే ఆధారం.

జొన్న గటక ఇంకో రకం. చిక్కటి రవ్వ, అడుగంటే స్వభావం. పటువలో కట్టె తెడ్డుతో తిప్పుతూ వండితే మాడే ప్రమాదం తక్కువ. కందిపప్పుకు వస్తే, పుంటికూర (గోంగూర) గానీ చింతపండు గానీ మొదట్లోనే వేయకూడదన్నది కుక్కర్‌లో కన్నా కుండలో ఎక్కువ అవసరమైన జాగ్రత్త. పులుపు తగిలితే గింజ గోడలోని పెక్టిన్ అనే జిగురు కరగనని మొండికేస్తుంది. సున్నం ఎక్కువున్న నీళ్లు కూడా అదే పని చేస్తాయి. కుక్కర్ తన 120 డిగ్రీలతో ఆ మొండితనాన్ని విరుస్తుంది, కుండ విరవలేదు. పప్పు ముందే గంటసేపు నానబెట్టి, మెత్తగా ఉడికాకే ఆకు వేయాలి. పచ్చిపులుసుకైతే పొయ్యే అక్కర్లేదు. చల్లటి ముంతలో కలిపి పెడితే చాలు.

రుచి లెక్కలో పొయ్యి వాటా కూడా తీసి చూడాలి. కట్టెల పొయ్యి మీద వండిన కూరలోని పొగ వాసనను చాలామంది కుండ ఖాతాలో రాస్తారు. అదే కుండను గ్యాస్ మీద పెట్టి ఆ వాసన రాలేదని నిరాశ పడతారు. విజయవాడ రోడ్డు మీద చౌటుప్పల్ దాటాక కనిపించే కుండ బిర్యానీల గురించి నా అనుమానం ఏమిటంటే, చాలా చోట్ల పెద్ద గిన్నెలో వండింది చిన్న కుండలోకి మారుస్తున్నారు. అక్కడ కుండ చేసే పని వేడి నిలపడం మాత్రమే.

పోషకాలు, పులుపు, ఫ్లోరైడ్

కుక్కర్‌లో 87 శాతం పోషకాలు పోతాయి, మట్టి కుండలో ఒక్క శాతం కూడా పోదు అనే మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. పప్పులోని మాంసకృత్తులు, ఇనుము, సున్నం ఏ పాత్రలోంచీ ఆవిరైపోవు. వేడికి తగ్గేవి సి విటమిన్, బి1, ఫోలేట్ లాంటివి. వాటి నష్టం ఎంత వేడి, ఎంతసేపు, వండిన నీళ్లు పారబోశామా అనే మూడింటిని బట్టి ఉంటుంది. కుక్కర్‌లో వేడి ఎక్కువ, సమయం తక్కువ. కుండలో వేడి తక్కువ, సమయం ఎక్కువ. కొన్నింట్లో ఇది మేలు, కొన్నింట్లో అది. నీళ్లు పారబోయడం మాత్రం రెండిట్లోనూ చెరుపే. కుండలో అన్నం వండి గంజి వార్చే రోజుల్లో పోషకాన్ని కాపాడింది ఆ గంజిని తాగడం, పులియబెట్టి కలిగా వాడుకోవడం. ఇప్పుడు కుండలో వండి గంజి సింకులో పోస్తే ఆ లాభం ఎక్కడిది?

మట్టి క్షార గుణం కలది, పులుపును విరుస్తుంది అన్న మాటను ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. నిజంగా విరిస్తే పటువలో పెట్టిన చేపల పులుసు మరునాటికి చప్పబడాలి. ఎక్కడైనా చప్పబడిందా? మరునాడే కదా అసలు రుచి. మట్టి గొప్ప దీనికి సరిగ్గా ఎదురు: పులుపుతో అది పెద్దగా గొడవ పెట్టుకోదు. చింతపండు, టమాటా, పుంటికూర అల్యూమినియాన్ని కొద్దికొద్దిగా కరిగిస్తాయి. ఎంత ఎక్కువసేపు నిలవ ఉంటే అంత ఎక్కువ. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో పచ్చళ్లు, సాంబారు లాంటి పుల్లటివి అల్యూమినియం, ఇనుము, కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రల్లో నిలవ పెట్టొద్దని చెప్పింది. మట్టి పాత్రలను అన్నిటికన్నా సురక్షితమైనవిగా పేర్కొంది. పులుసు కూరలకు పటువ వాడమని నేను చెప్పేది ఈ కారణంతోనే.

నల్లగొండలో ఈ చర్చకు ఇంకో ముడి ఉంది. మర్రిగూడ, మునుగోడు వైపు భూగర్భ జలాల్లోని ఫ్లోరైడ్ తరాల ఎముకలను వంకర తిప్పింది. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దిక్కు లేనప్పుడు 1.5 వరకు సరిపెట్టుకోవచ్చని భారతీయ ప్రమాణం. కుండలో కాస్తే ఫ్లోరైడ్ పోతుందని నమ్మేవాళ్లను విన్నాను. పోదు. ఏ పాత్రలో కాచినా ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఫ్లోరైడ్ అడుగునే ఉంటుంది. నీళ్లు సగానికి మరిగితే మిగిలిన సగంలో దాని గాఢత రెట్టింపవుతుంది. నీటి నుంచి దాన్ని విడదీయడానికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ (నీరి) 1970లలో రూపొందించిన పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు: పటిక, సున్నం కలిపి తేర్చడం. ఇప్పుడైతే మిషన్ భగీరథ పైపుల్లో శుద్ధి చేసిన నది నీళ్లు వస్తున్నాయి. వంటకూ ఆ నీళ్లే వాడాలి. తాగడానికి మాత్రం నల్లా నీళ్లు పట్టి, పప్పుకు బోరు నీళ్లు పోసే అలవాటు మానాలి.

పటికలో ఉన్నది అల్యూమినియమే, దానికి ఫ్లోరైడ్ అంటే మక్కువ. మరి ఫ్లోరైడ్ నీళ్లు సత్తు గిన్నెను తినేస్తాయా అన్న అనుమానం సహజం. 1987లో శ్రీలంక శాస్త్రవేత్తలు అలా చాలా ఎక్కువ అల్యూమినియం కరుగుతుందని ప్రకటించి సంచలనం రేపారు, తర్వాత ఆ అంకె అంత పెద్దది కాదని వాళ్లే సవరించుకున్నారు. పులుపు ప్రభావమే దీనిలో ప్రధానం. ఆ పులుపుకు ఇంకో ముఖం కూడా ఉంది: చింతపండు తిన్న పిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోతున్నదని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2002లో ప్రచురించారు. ఫ్లోరైడ్ విషయంలో పటువ కన్నా అందులోని పులుసుకే కాస్త పలుకుబడి ఉందనుకోవచ్చు. అది మంచినీళ్లకు బదులు మాత్రం కాదు.

షుగరు, బీపీల మాటకొస్తే, పటువలో వండిన అన్నం కూడా అన్నమే. ఎంత తిన్నామన్నదే లెక్క.

గ్యాస్ మీద

గ్యాస్ మీద ఆగుతుంది. కానీ కట్టెల పొయ్యికీ దీనికీ తేడా తెలియాలి. మట్టి వేడిని లోపలికే కాదు, పక్కలకు పంచడంలో కూడా నిదానమే. కట్టెల మంట గుండ్రటి అడుగు చుట్టూ పాకి అంతా ఒకేలా కాలుస్తుంది. బర్నర్ మంట ఒక చోటే తగులుతుంది. ఆ చోటు సాగుతుంది, చుట్టూ ఉన్న మట్టి సాగదు, చిటుక్కున చీలుతుంది. కాబట్టి చిన్న బర్నర్, మొదటి పది నిమిషాలు సన్న మంట, తర్వాత మధ్యస్తం. పెద్ద మంట ఎప్పుడూ వద్దు. ఖాళీ కుండను వేడి చేయకూడదు, ఎసరో నూనో ఉండాలి. పులుసు చిక్కబడితే వేడినీళ్లే పోయాలి. దించాక గ్రానైటు గట్టు మీద పెట్టకుండా బట్ట చుట్టకుదురు మీద పెట్టాలి. ఇండక్షన్ స్టవ్ మీద కుండ అసలు వేడెక్కదు, అది ఇనుము లాంటి లోహాన్నే గుర్తుపడుతుంది.

గ్యాస్ కొంచెం ఎక్కువ ఖర్చవుతుందని ఒప్పుకోవాలి. రోజూ పొద్దున్నే డ్యూటీకి పోయే ఇంట్లో పప్పుకు కుక్కర్ మానమని నేను చెప్పను. ఆదివారం మటనుకు, పులుసులకు, పెరుగు తోడుకు మట్టి పాత్రలు పెట్టుకుంటే చాలు. పెరుగుకైతే వంక పెట్టడానికే లేదు: గోడ నీటిని కొంచెం పీల్చి ఆవిరి చేస్తుంది కనుక పెరుగు గట్టిగా తోడుకుంటుంది, ఎండాకాలం కూడా తొందరగా పులవదు.

కొనేటప్పుడు వేలి కణుపుతో కొట్టి చూడాలి. ఖంగుమంటే బాగా కాలింది. మొద్దుగా మోగితే పచ్చిగా ఉందనో, చీలిక ఉందనో అర్థం. తడి బట్టతో లోపల గట్టిగా రుద్దాలి. పొడి మట్టి రంగు కాస్త అంటితే ఫరవాలేదు, పెయింటులా రంగు దిగితే వద్దు. లోపల గాజులా మెరిసే పూత ఉన్న చవక పాత్రలకు దూరంగా ఉండాలి. కొన్ని పూతల్లో సీసం ఉంటుంది, పులుపు తగిలితే అది కూరలోకి దిగుతుంది. మట్టిని తప్పుపట్టాల్సిన చోటు ఏదైనా ఉంటే అది ఈ మెరుపే. బయట జాజు పూసినదైతే ఇబ్బంది లేదు, అది ఎర్రమన్నే. మూతకు స్టీలు పళ్లెం కన్నా అదే మట్టి మూకుడు అడిగి తీసుకోండి. విడిగా తర్వాత కొంటే అంచు కుదరదు, ఆవిరంతా పక్కల నుంచి పోతుంది.